దట్టమైన అడవిలో కయోటీ వేటకు తుపాకీ ఎంచుకోవడం ఎలా

కయోటీ (నక్క, తోడేళ్లకు దగ్గరి చుట్టమైన అమెరికా జంతువు) వేట మీద అమెరికాలో దొరికే సలహాల్లో చాలా భాగం పడమటి రాష్ట్రాల వాళ్లు చెప్పేవే. వయోమింగ్, నెవడా, పశ్చిమ టెక్సాస్ లాంటి చోట్ల కనుచూపు మేర బోడి నేల. అక్కడ 250 గజాల అవతల నిలబడ్డ కయోటీని కొట్టాలంటే .22-250 రైఫిల్, బైపాడ్ (తుపాకీని ఆనించే రెండు కాళ్ల స్టాండు), పెద్ద స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే గురి దుర్భిణి) కావాల్సిందే. అదే సరంజామా మోసుకుని పెన్సిల్వేనియా కొండల్లోనో, జార్జియా పైన్ తోటల్లోనో, తూర్పు టెక్సాస్ అడవుల్లోనో కూర్చుంటే ఏమవుతుంది? పాతిక గజాల్లో పొద కదులుతుంది. మీరు స్కోప్‌లో కన్ను పెట్టి అది ఎక్కడుందో వెతికేలోపు కయోటీ మిమ్మల్ని చూసి వెళ్లిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. దట్టమైన అడవికి మొదటి తుపాకీ 12 గేజ్ షాట్‌గన్ (షాట్‌గన్ అంటే ఒక్క దెబ్బకు గుండ్ల గుత్తిని విసిరే తుపాకీ; గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది). రైఫిల్ దాని తర్వాత. ఈ మాట అందరి అడవికీ ఒకేలా వర్తించదు కాబట్టి, మీ అడవికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను.

ఇదంతా అమెరికాలో, అక్కడి లైసెన్సుతో చేసే వేట గురించి. ఇండియాలో కయోటీలు లేవు. వాటి దగ్గరి చుట్టాలైన నక్క, తోడేలు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ సరదా అక్కడ తీర్చుకుందామని ఎవరూ అనుకోకండి.

మొదటి అడుగు: తుపాకీ పట్టుకునే హక్కు ఉందో లేదో చూసుకోండి

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. "అన్నా, కొనేది నేను కాదు కదా, నీ తుపాకీతో ఒక రౌండ్ కాలుస్తానంతే" అని అడిగే తమ్ముళ్లు ఉంటారు. కొన్నారా అన్నదొక్కటే కాదు ప్రశ్న. చేతిలో ఉన్నా లెక్కే.

దీనికి చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. కొట్లో నింపే ఫారం 4473లో ఈ ప్రశ్న నేరుగా అడుగుతారు. గడువు మాట మాత్రం మరిచిపోవద్దు. లైసెన్సు గడువు తీరిపోయి తుపాకీ ఇంకా ఇంట్లో బీరువాలోనే ఉంటే మినహాయింపు పోయినట్టే. తుపాకీ కేసు వలస హోదాకే ఎసరు పెట్టగలదు. అందుకే వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక్కసారి మాట్లాడటం మంచిది. రాష్ట్రాల సొంత చట్టాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు.

లైసెన్సు కంటే ముందు చాలా రాష్ట్రాల్లో హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2 నాడు గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇది తప్పనిసరి. దాన్ని తతంగంగా చూడకండి. తుపాకీ ఎప్పుడూ లోడై ఉందనే అనుకోవడం, గొట్టం ఎవరి వైపూ తిరగకుండా చూసుకోవడం, కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం, గురినీ దాని వెనక ఉన్నదాన్నీ తెలుసుకున్నాకే కాల్చడం. ఈ నాలుగూ ఒంటికి పట్టేదాకా తుపాకీ కొనే తొందర అక్కర్లేదు.

ఇక కయోటీ విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. టెక్సాస్‌లో, జార్జియాలో దానికి మూసివేత సీజన్ లేదు. పెన్సిల్వేనియాలోనూ ఏడాది పొడవునా వేటాడొచ్చు. న్యూయార్క్‌లో సీజన్ అక్టోబర్‌లో మొదలై మార్చి చివర్లో ముగుస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు తూటాలు వాడకూడదు. కింద చెప్పబోయే తూటాల ఎంపిక అక్కడివాళ్లకు దీనివల్లే మారిపోతుంది. ఎంత సైజు గుండ్లు వాడొచ్చు, రాత్రి వేటకు అనుమతి ఉందా, సెమీ ఆటోమేటిక్ (ఒక్కో షాట్ తర్వాత తనే తూటా ఎక్కించుకునే) రైఫిల్ వాడొచ్చా, మేగజైన్‌లో ఎన్ని తూటాలు పెట్టొచ్చు అన్నవన్నీ మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా వేసే నిబంధనల పుస్తకంలో ఉంటాయి. తుపాకీ కొట్టువాడి నోటిమాట కాకుండా ఆ పుస్తకం చూడండి.

రెండో అడుగు: అడవిని కొలవండి

తుపాకీ కొట్టుకు వెళ్లేముందు అడవికి వెళ్లాలి. నిలబడి చూస్తే 60 గజాలు కనిపించే చోట, చెట్టుకు వీపు ఆనించి కూర్చుంటే 30 గజాలు కూడా కనిపించకపోవచ్చు. మనం కాల్చేది కూర్చునే. పైగా కయోటీ భుజం ఎత్తు రెండు అడుగుల లోపే. అంటే మన మోకాలి దగ్గర ఎంత దూరం చూపు ఆనుతుందో అదే అసలు లెక్క.

పద్ధతి సులువే. తోడు ఒకరిని తీసుకెళ్లండి. కయోటీ రంగుకి దగ్గరగా ఉండే గోధుమరంగు అట్టపెట్టె ఒకటి వాళ్ల చేతికిచ్చి, మోకాలి ఎత్తులో పట్టుకుని మీ నుంచి దూరంగా నడవమనండి. పెట్టె సగానికి పైగా కనిపించకుండా పోయిన చోట ఆగమనండి. అడుగులు లెక్కపెట్టి రాసుకోండి. ఇలా నాలుగైదు దిక్కుల్లో చేయండి. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంటే మంచిదే కానీ, పొదల్లో అది మొదట తగిలిన పుల్ల దూరాన్నే చూపిస్తుంది. మీ దాంట్లో వెనకాల ఉన్న వస్తువు దూరం చూపించే మోడ్ ఉంటే అది పెట్టుకోండి. లేకపోతే అడుగుల లెక్కే నయం.

వేటాడే కాలంలోనే కొలవాలి. ఓక్, మేపుల్ చెట్లు నవంబర్‌కల్లా ఆకు రాల్చేస్తాయి కాబట్టి వేసవిలో 20 గజాలున్న చూపు చలికాలంలో రెట్టింపు కావచ్చు. అపలాచియన్ కొండల్లో మౌంటెన్ లారెల్, రోడోడెండ్రాన్ పొదలు చలికాలంలోనూ పచ్చగానే ఉంటాయి. తూర్పు టెక్సాస్‌లో యోపాన్ పొదలూ అంతే. అక్కడ డిసెంబర్‌లోనూ చూపు పెరగదు.

అన్నింటికంటే ముఖ్యమైన దిక్కు గాలి పోయే దిక్కు. వేటగాడు దాన్ని రప్పించడానికి చేసే కుందేలు అరుపు లాంటి కాల్ వినగానే కయోటీ నేరుగా రాదు. చుట్టు తిరిగి, గాలివాలు వైపు చేరి, వాసన పట్టి, అప్పుడు దగ్గరికొస్తుంది. కొత్తవాళ్లు ఎదురుగా ఖాళీగా ఉన్న దారి చూసుకుని కూర్చుంటారు. కయోటీ మాత్రం వాళ్ల పక్కన, గాలివాలు వైపున్న చిక్కటి పొదల్లోంచి వస్తుంది. అందుకే దారి వెంట 90 గజాలు కనిపిస్తున్నా నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. గాలివాలు వైపు ఎంత కనిపిస్తే అదే నా దూరం.

ఆ అంకె 40 గజాల లోపుంటే షాట్‌గన్. ఇంకో ఆలోచన వద్దు. 40 నుంచి 60 మధ్య ఉంటే మంచి తూటా, సరైన చోక్ (గొట్టం చివర బిగించే ఇరుకు ముక్క, ఐదో అడుగులో చెబుతాను) కుదిరిన షాట్‌గన్. దాన్ని పరీక్షించి చూసుకోవడం తప్పదు. కరెంటు లైన్ల కింద కొట్టేసిన దారి, పాత కలప లారీల బాట, పొలం అంచు లాంటివి మీ చోట్లో ఎక్కువుంటే, షాట్లు 70 గజాలు దాటుతుంటే రైఫిల్ గురించి ఆలోచించొచ్చు.

మూడో అడుగు: గురి వెనక ఏముందో చూడండి

ఇది తుపాకీ ఎంపికను నేరుగా మార్చేస్తుంది. .22 లాంగ్ రైఫిల్ లాంటి చిన్న తూటాయే సుమారు ఒకటిన్నర మైలు పోగలదు. .223 తూటా దానికంటే దూరం పోతుంది. షాట్‌గన్‌లో వేసే నంబర్ 4 బక్‌షాట్ అనే లావుపాటి గుండు దాదాపు 500 గజాల్లో చతికిలపడుతుంది. చదునైన అడవిలో చెట్ల వెనక ఏముందో కనిపించదు. అక్కడ ఇళ్లుండొచ్చు, రోడ్డుండొచ్చు, జింక కోసం చెట్టెక్కి కూర్చున్న ఇంకో వేటగాడు ఉండొచ్చు. కొండవాలు మీద కూర్చుని కిందికి కాలుస్తుంటే నేలే తూటాను ఆపుతుంది కాబట్టి రైఫిల్ కొంత నయం. చదునైన నేల, చుట్టుపక్కల ఇళ్లు ఉంటే షాట్‌గన్ తప్ప ఇంకోటి వద్దంటాను. పెన్సిల్వేనియాలో ఎవరైనా ఉంటున్న ఇంటికి 150 గజాల లోపల, వాళ్ల అనుమతి లేకుండా వేటాడకూడదని చట్టమే చెబుతుంది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి హద్దు ఏదో ఒకటి ఉంటుంది.

ఎదురుగా వచ్చింది కయోటీయేనా అన్నది కూడా ఇక్కడే ఆలోచించాలి. తూర్పు రాష్ట్రాల కయోటీల్లో తోడేలు, కుక్క రక్తం కలిసి ఉంది. అందుకే అవి పడమటి వాటికంటే పెద్దవి, 30 నుంచి 50 పౌండ్ల దాకా ఉంటాయి. జర్మన్ షెపర్డ్ కుక్కను చూసి పొరబడటం కష్టమేమీ కాదు. నార్త్ కరోలినా తూర్పు కొసన ఐదు కౌంటీల్లో అంతరించిపోతున్న ఎర్ర తోడేళ్లు తిరుగుతుంటాయి. అచ్చం కయోటీల్లాగే కనిపిస్తాయి. అక్కడ కయోటీ వేటకు విడిగా నిబంధనలున్నాయి. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా అడవుల్లో బూడిద తోడేలు విషయంలోనూ అదే జాగ్రత్త. పూర్తిగా కనిపించని జంతువు మీద కాల్చకూడదు, ఎంత దగ్గరున్నా సరే.

నాలుగో అడుగు: షాట్‌గన్ ఎంచుకోవడం

రెండు చెట్ల మధ్య నాలుగడుగుల సందు దాటడానికి పరుగులో ఉన్న కయోటీకి సెకను కూడా పట్టదు. ఆ క్షణంలో తుపాకీ భుజానికి చేరాలి, గొట్టం దాని వెంట కదలాలి, ట్రిగ్గర్ నొక్కాలి. షాట్‌గన్‌ను తయారుచేసిందే ఇలాంటి పనికి. "గుండ్లు చెల్లాచెదురుగా పోతాయి, గురి అక్కర్లేదు" అన్నది మాత్రం శుద్ధ తప్పు. బిగువైన చోక్‌తో 25 గజాల్లో గుండ్లన్నీ పెద్ద పళ్లెం అంత జాగాలోనే పడతాయి. గురి తప్పితే షాట్‌గన్ కూడా తప్పుతుంది.

గేజ్ దగ్గర పెద్దగా ఆలోచించక్కర్లేదు. 12 గేజ్‌లో తూటాల రకాలు ఎక్కువ, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మూడు అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే అర) చాలు. మూడున్నర అంగుళాల తూటాలు వేసే తుపాకులున్నాయి కానీ, వాటి దెబ్బ భుజానికి తగిలే తీరు చూశాక చాలామంది ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకోవడం మొదలుపెడతారు. అలా అలవాటైతే వదిలించుకోవడం కష్టం. సన్నగా ఉన్నవాళ్లు, టీనేజ్ పిల్లలు 20 గేజ్ తీసుకోవచ్చు. దూరాన్ని 30, 35 గజాలకు కుదించుకుంటే అదీ పనిచేస్తుంది. .410 ఈ పనికి చాలదు.

పంప్ (ప్రతి షాట్ తర్వాత ముందు పిడిని చేత్తో లాగి తూటా ఎక్కించేది) కావాలా, సెమీ ఆటోమేటిక్ కావాలా అన్నది డబ్బు, ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. పంప్‌లో రెండు పేర్లు దశాబ్దాలుగా నిలబడ్డాయి: 1950లో వచ్చిన రెమింగ్టన్ 870, 1961 నాటి మాస్‌బర్గ్ 500. రెండూ కోటికి పైగా అమ్ముడుపోయినవే కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బోలెడు దొరుకుతాయి, విడిభాగాలకు లోటు లేదు. నా ఓటు మాస్‌బర్గ్‌కి. కారణం సేఫ్టీ మీట. అది తుపాకీ వెనక భాగంలో పైన, బొటనవేలు కిందే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లకూ అంతే వీలు. 870లో మీట ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది, కుడిచేతి వాళ్లకోసం అమర్చినది. డబ్బు తక్కువుంటే మాస్‌బర్గ్ వాళ్లదే మావరిక్ 88 ఉంది. చూపులకు మోటుగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. దాంట్లో సేఫ్టీ పైన కాదు, ట్రిగ్గర్ దగ్గర ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

సెమీ ఆటోమేటిక్‌లో బెరెట్టా ఎ300, బెనెల్లి ఎం2 లాంటివి మంచి పేరున్నవి, ధర చాలా ఎక్కువ. లాభం రెండో షాట్‌లో ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కయోటీలు జత కట్టి తిరుగుతాయి. ఒకదాన్ని కొట్టగానే రెండోది ఒక్క క్షణం ఆగి చూస్తుంది. పంప్ లాగే శబ్దం, కదలిక లేకుండా రెండో షాట్ సిద్ధంగా ఉండటం అప్పుడు అక్కరకొస్తుంది. గడ్డకట్టే చలిలో మాత్రం లోపల నూనె ఎక్కువైతే సెమీ ఆటోమేటిక్ మొరాయిస్తుంది. పల్చగా రాసి తుడిచేయాలి.

గొట్టం పొడవు 22 నుంచి 26 అంగుళాల మధ్య బాగుంటుంది. బాతుల వేటకు వాడే 28 అంగుళాలది లారెల్ పొదల్లో ప్రతి కొమ్మకీ తట్టుకుంటుంది. అలాగని ఇంటి రక్షణ కోసం అమ్మే 18.5 అంగుళాల పొట్టి గొట్టం కొనకండి. చాలా వాటిల్లో చోక్ మార్చుకునే మరలే ఉండవు, గుండ్లు త్వరగా విడిపోతాయి. గొట్టాన్ని 18 అంగుళాల కంటే తక్కువకు కోయడం మాత్రం కలలో కూడా వద్దు. ముందస్తు అనుమతి లేకుండా అలా చేస్తే ఫెడరల్ నేరం. రైఫిల్‌కు ఆ హద్దు 16 అంగుళాలు.

ఐదో అడుగు: తూటా, చోక్

తుపాకీ బ్రాండ్ కంటే దీని మీద ఎక్కువ డబ్బు, సమయం పెట్టండి.

కయోటీకి చాలాకాలంగా నలిగిన సీసపు తూటా నంబర్ 4 బక్‌షాట్. ఒక్కో గుండు పావు అంగుళానికి కాస్త తక్కువ లావు. మూడు అంగుళాల తూటాలో 41 గుండ్లు ఉంటాయి. దీని పక్కన 00 బక్‌షాట్‌ను పెట్టి చూడండి. గుండు పెద్దది, బలమైనదే. మూడు అంగుళాల తూటాలో పట్టేది మాత్రం 15. నలభై గజాల్లో ఆ పదిహేనూ విడిపోయాక మధ్యలో కయోటీ దూరిపోయేంత సందులుంటాయి. కయోటీని చూస్తే ఒళ్లు పెద్దగా అనిపిస్తుంది కానీ అందులో సగం బొచ్చే. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పిడికిలి కంటే కొంచెం పెద్దది. అక్కడ నాలుగైదు గుండ్లు పడాలంటే సంఖ్య కావాలి. పక్షులకు వాడే సన్నపు గుండ్లతో కాల్చొద్దు. దగ్గర్లో కూడా గాయమే చేస్తాయి, జంతువు అడవిలోకి పారిపోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది.

టంగ్‌స్టన్ కలిపిన గుండ్లు ఇంకో మెట్టు పైన. సీసం కంటే బరువైన లోహం కాబట్టి చిన్న గుండే లోతుగా దిగుతుంది, తూటాలో ఎక్కువ గుండ్లు పడతాయి. హెవీషాట్ వాళ్ల డెడ్ కయోటీ ఇలాంటిదే. అందులో వాడే టి సైజు గుండు 0.20 అంగుళం. సీసం 40 గజాల దగ్గర ఆగిపోతే ఇది 60 దాకా నమ్మకంగా పనిచేస్తుంది. ధర చూస్తే గుండె గుభేల్మంటుంది కానీ, కయోటీకి ఏడాదిలో కాల్చే తూటాలెన్ని? సాధనకు చౌక తూటాలు, వేటకు ఇవి. కాలిఫోర్నియా వాళ్లకు సీసం లేని దారి కూడా ఇదే. అయితే పెట్టె మీద సీసం లేదని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి.

చోక్ అంటే గొట్టం చివర బిగించే ఇరుకు గొట్టం. మన జొన్నచేలకు నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతి దగ్గర వేలు అడ్డం పెడితే ధార ఎలా మారుతుందో, గుండ్ల గుత్తి కూడా చోక్‌తో అలాగే మారుతుంది. ఎంత ఇరుకైతే అంత మంచిదన్నది నిజం కాదు. పెద్ద గుండ్లను మరీ ఇరుకులోంచి తోస్తే ఒకదానికొకటి ఒత్తుకుని, వంకర తిరిగి, చెల్లాచెదురవుతాయి. బక్‌షాట్‌కు చాలా తుపాకుల్లో మధ్యస్థంగా ఇరుకైన మాడిఫైడ్ గానీ, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ గానీ వాటికంటే ఇరుకైన ఫుల్ చోక్ కంటే బాగా కుదురుతుంది. ఎక్స్‌ట్రా ఫుల్ టర్కీ చోక్‌లో బక్‌షాట్ వేయొద్దని కొన్ని చోక్‌ల మీదే రాసి ఉంటుంది, చదవండి.

ఆరో అడుగు: రైఫిల్ తీసుకుంటే

పొదల్లోంచి దూసుకుపోయే రైఫిల్ అని ఒకటుందని అమెరికాలో పెద్ద నమ్మకం. బరువైన, నెమ్మదైన తూటా పుల్లలను తోసుకుంటూ పోతుందంటారు. అది అపోహే. .30-30 అయినా, .45-70 అయినా, పుల్ల తగిలితే దారి తప్పాల్సిందే. జంతువుకు ఆనుకుని ఉన్న పుల్ల తగిలితే పెద్దగా తేడా రాకపోవచ్చు. సగం దారిలో తగిలితే తూటా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. సందు కనిపించేదాకా ఆగడం తప్ప దీనికి ఏ క్యాలిబర్‌లోనూ (తూటా సైజులోనూ) మందు లేదు.

ఈ ఒక్క మాట ఒప్పుకుంటే క్యాలిబర్ చర్చ చాలావరకు తేలిపోతుంది. .223 రెమింగ్టన్ చాలు. 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగంతో ఉంటుంది. అడవి దూరాల్లో కయోటీకి అంతకు మించి అక్కర్లేదు. తూటాలు చౌక, దెబ్బ తేలిక, కాబట్టి సాధన ఎక్కువ చేయగలరు. .22-250, .243 మంచివే కానీ వాటి బలం దూరంలో ఉంది. మన దగ్గర ఆ దూరమే లేదు. .22 మాగ్నమ్, .17 హెచ్‌ఎంఆర్ లాంటి చిన్న రిమ్‌ఫైర్ తూటాలతో కయోటీలను కొట్టేవాళ్లున్నారు. నిలబడి కదలకుండా ఉన్న కయోటీకి, దగ్గర్లో, సరైన చోట పడితే పనవుతుంది. అడవిలో ఆ మూడూ ఒకేసారి కుదరడం అరుదు, నేను వద్దంటాను. ఇంట్లో ఇప్పటికే .30-30 లీవర్ రైఫిల్ ఉంటే కొత్తది కొనకుండా దాన్నే వాడండి. పెద్ద తూటా తోలును పాడుచేస్తుంది కాబట్టి, బొచ్చు అమ్ముకోవాలనుకుంటే తప్ప నష్టం లేదు.

తూటా మాత్రం తగిలాక విచ్చుకునేదై ఉండాలి. ప్లాస్టిక్ మొన ఉన్న వార్మింట్ (చిన్న జంతువుల వేటకు చేసిన) తూటాలు నేలకో చెట్టుకో తగిలినా పగిలిపోతాయి, ఎగిరి ఎక్కడికో పోయే ప్రమాదం తక్కువ. రేంజ్‌లో కాల్చే ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు ఈ పనికి రావు. అవి సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతాయి, కయోటీ దొరకదు.

గొట్టం 16 నుంచి 20 అంగుళాలు. బోల్ట్ రైఫిలా (చేత్తో తూటా ఎక్కించేది), ఏఆర్-15 తరహానా (సెమీ ఆటోమేటిక్) అన్నది మీ రాష్ట్రం ఏది ఒప్పుకుంటుందో చూసి తేల్చుకోండి.

ఏడో అడుగు: గురిచూసే సాధనం

ఎక్కువ మంది డబ్బు తగలేసేది ఇక్కడే. 6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపించే స్కోప్ అడవిలో కళ్లకు గంతలు కట్టినట్టే. పాతిక గజాల్లో ఆరు రెట్లు పెద్దది చేసి చూస్తే కనిపించేది ఆకులే.

షాట్‌గన్‌కు చిన్న రెడ్ డాట్ (అద్దంలో గురిచోట ఎర్ర చుక్క చూపే సాధనం) పెట్టుకోండి. రెండు కళ్లూ తెరిచి ఉంచి చూడొచ్చు, సాయంత్రం మసకవెలుతురులో గొట్టం చివరుండే ఇత్తడి పూస కనిపించనప్పుడు చుక్క కనిపిస్తుంది. చుక్క సైజు 2 నుంచి 4 ఎంఓఏ (కోణం కొలత, 1 ఎంఓఏ అంటే 100 గజాల్లో సుమారు ఒక అంగుళం) ఉంటే చాలు. 2 ఎంఓఏ చుక్క 40 గజాల్లో ఒక అంగుళం కంటే తక్కువ జాగానే కప్పుతుంది. వెలుతురు తగ్గించే వీలుండాలి, లేకపోతే చీకటి పడేవేళ చుక్క చుట్టూ వెలుగు పరుచుకుని జంతువు కనిపించదు. రైఫిల్‌కు 1 నుంచి 4, లేదా 1 నుంచి 6 రెట్ల స్కోప్. కూర్చోగానే దాన్ని 1 మీద పెట్టి ఉంచాలి. దూరంగా కనిపిస్తే పెంచుకునే టైమ్ ఉంటుంది. దగ్గరగా వస్తే తగ్గించుకునే టైమ్ ఉండదు.

ఏఆర్ తరహా రైఫిల్ వాడేవాళ్లకు ఒక సంగతి. అందులో స్కోప్ గొట్టానికి రెండున్నర అంగుళాలకు పైగా ఎత్తులో ఉంటుంది. 50 గజాలకు గురి సరిచేసుకున్న రైఫిల్‌తో 10 గజాల్లో కాలిస్తే తూటా చుక్క కంటే సుమారు రెండు అంగుళాలు కిందపడుతుంది. కయోటీ ఒంట్లో ప్రాణం ఉండే చోటు ఎంత చిన్నదో ఇందాకే చెప్పాను. అంత దగ్గర్లో కాస్త పైకి గురిపెట్టాలి.

ఎనిమిదో అడుగు: ఒంటికి సరిపోతుందా

అమెరికా తుపాకుల వెనక భాగం సగటు అమెరికన్ మగవాడి చేతి పొడవుకు తగ్గట్టు, ట్రిగ్గర్ నుంచి వెనక చివరి దాకా 14 అంగుళాల దరిదాపుల్లో చేస్తారు. మనలో ఐదడుగుల ఐదారు అంగుళాలున్నవాళ్లకు అది పొడవే. దాని మీద చలికాలపు మందపాటి కోటు వేసుకుంటే ఇంకా పొడవవుతుంది. భుజానికి ఎత్తేటప్పుడు చంక దగ్గర కోటుకు పట్టుకుని ఆగిపోతుంది. కయోటీ వెళ్లిపోవడానికి ఆ ఒక్క ఆగడం చాలు.

కొట్టుకు వెళ్లేటప్పుడు వేటకు వేసుకునే కోటు వేసుకెళ్లండి. మేలో కొంటున్నా సరే, జనం నవ్వినా సరే. తుపాకీ ఖాళీగా ఉందని కొట్టువాడి చేత చూపించుకుని, గోడ మీద ఒక చుక్కను చూస్తూ కళ్లు మూసుకోండి. తుపాకీని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. గొట్టం చివరి పూస ఆ చుక్క దగ్గరే ఉండాలి. పూస కనిపించకుండా గొట్టం వెనక భాగమే కనిపిస్తే మీ తల కిందికి దిగిపోతోందన్నమాట. గొట్టం పై భాగమంతా రోడ్డులా కనిపిస్తే తల ఎత్తుగా ఉంది. పొట్టి స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) ఉన్న యూత్ మోడల్ అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, అవి పెద్దవాళ్లూ వాడతారు. స్పేసర్లు (స్టాక్ పొడవు మార్చే ముక్కలు) తీసి పెట్టుకునే మోడళ్లయితే ఇంకా మేలు, ఇంట్లో ఇద్దరు వాడుకోవచ్చు.

ఏ కన్ను బలమైనదో కూడా అప్పుడే చూసుకోండి. చేతులు చాచి బొటనవేళ్లు, చూపుడువేళ్లతో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో చూసి, ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే వస్తువు మాయమవుతుందో అది మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే రెడ్ డాట్ తప్పనిసరి అనుకోండి.

శబ్దం కూడా వినండి. సేఫ్టీ మీట నొక్కితే టిక్కుమని మోగేవి ఉంటాయి. 20 గజాల్లో ఉన్న కయోటీ దాన్ని వింటుంది. పట్టీ కొక్కేలు కిర్రుమంటుంటే టేపు చుట్టేయొచ్చు.

తొమ్మిదో అడుగు: కాగితం మీద తేల్చుకోండి

తుపాకీ, చోక్, తూటా మూడూ కలిసి ఎలా పనిచేస్తాయో కాల్చి చూస్తే తప్ప తెలియదు. ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండు తుపాకులు కూడా ఒకే తూటాను వేర్వేరుగా విసురుతాయి.

గోధుమరంగు ప్యాకింగ్ కాగితం మూడడుగుల చదరాలుగా కత్తిరించండి. మధ్యలో తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు అతికించండి. బక్‌షాట్‌ను ఒప్పుకునే రేంజ్ అయి ఉండాలి, ముందే అడగండి. తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి 20 గజాల్లో ఒకటి, 30లో ఒకటి, 40లో ఒకటి, కాగితం మార్చి మార్చి కాల్చండి. ప్రతి కాగితం మీద దూరం, చోక్, తూటా పేరు రాసి పెట్టుకోండి. ప్లేటులో పడ్డ రంధ్రాలు లెక్కపెట్టండి. ఎనిమిది దాటితే ఆ దూరం మీది. ఆరు కంటే తగ్గితే ఆ దూరంలో కాల్చకూడదు. ఇది పుస్తకాల లెక్క కాదు, నేను పెట్టుకున్న హద్దు.

లెక్కపెట్టడంతో ఆపకండి. ప్లేటు మధ్యన పడ్డాయా, లేక గుత్తి మొత్తం ఒక పక్కకి జరిగిందా చూడండి. గుత్తి బాగానే ఉండి ఐదారు అంగుళాలు పైకి పడుతుంటే చోక్ మార్చినా లాభం లేదు. రెడ్ డాట్‌ను కిందికి సరిచేసుకోవాలి. వట్టి పూసతో కాల్చే తుపాకీలో ఈ సర్దుబాటు లేదు. డాట్ కొనమని నేను పోరు పెట్టడానికి ఇది అసలు కారణం. ఒక దూరంలో ఒక్క కాగితం చూసి నిర్ణయానికి రాకండి, కనీసం రెండు మూడు పోల్చండి. 40లో బాగుంటే 50కి జరగండి. ఎక్కడ గుండ్లు పల్చబడ్డాయో ఆ అంకెను తుపాకీ స్టాక్ మీద టేపు అతికించి రాసుకోండి. రెండో అడుగులో అడవిలో కొలిచిన దూరం ఈ అంకె లోపే ఉంటే సరైన తుపాకీ దొరికినట్టే. దాటితే చోక్ గానీ తూటా గానీ మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే కూర్చునే చోటు మార్చండి.

పదో అడుగు: కొన్నాక

ఇంట్లో పిల్లలుంటే తాళం వేసే బీరువా తుపాకీతో పాటే కొనాలి, తర్వాత కాదు. తూటాలు వేరే చోట పెట్టండి. చుట్టాలు వచ్చినప్పుడు తుపాకీ బయటికి తీసి చూపించే సరదా మానుకోండి. వచ్చినవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లుంటే చేతికివ్వడమే ఇబ్బంది.

రాష్ట్రం దాటి వేటకు వెళ్తుంటే ప్రయాణం సంగతి ముందే చూసుకోండి. న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియా అడవులకు వెళ్లేవాళ్లకు ఇది ప్రతి వారాంతం ఎదురయ్యే పనే. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, బయల్దేరే చోటా చేరే చోటా మీ దగ్గర ఉండటం చట్టబద్ధమైన తుపాకీని మధ్యలోని రాష్ట్రాల గుండా తీసుకెళ్లొచ్చు. తుపాకీ ఖాళీగా ఉండాలి. తుపాకీ గానీ తూటాలు గానీ కారులో కూర్చున్నవాళ్ల చేతికి అందకూడదు. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, డాష్‌బోర్డు అర లెక్కలోకి రాదు. న్యూజెర్సీలో ఉండేవాళ్లు షాట్‌గన్ కొనేముందే పోలీసుల దగ్గర ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డు తీసుకోవాలి. అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి చలికాలం వేటకి వేసవిలోనే దరఖాస్తు పెట్టుకోండి.